కారు కింద ఎర్రచుక్కలు

ఆగస్టు 4, సోమవారం

అక్కకి,

క్షేమం. ఆ ముక్క ముందు రాయకపోతే మిగతాది చదవకుండానే కంగారు పడతావని రాశాను. నిజానికి రెండు రోజులుగా కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ వీధిలోకీ తిరుగుతున్నాను.

కారు కింద ఎర్రగా చుక్కలు పడుతున్నాయి. శనివారం పొద్దున్న చూసి, ఎవరి పిల్లలో రంగు ఒలకబోశారనుకున్నాను. వేలితో తీసి చూస్తే జిడ్డు. నిన్న పిల్లని చూడ్డానికి, మన పిచ్చుక దగ్గరికి వెళ్తూ కొండ ఎక్కుతుంటే సగం దారిలో ఇంజను అరుస్తోంది గాని బండి కదలలేదు. ఆగి ఆగి, వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఒక్క దూకు దూకింది.

మా వీధి చివరి మెకానిక్ (అందరూ స్పానర్ అంటారు) ఒంగి చూసి, "ఆటోమేటిక్ బండి సార్, గేర్‌బాక్స్ దించాల్సిందే" అన్నాడు. అతను ఆటోమేటిక్‌లు చూసింది తక్కువ. నా ఎడంకాలు సంగతి నీకు తెలుసు, క్లచ్ తొక్కే బండి నడపలేను. బావ మెకానిక్ షెడ్డులో ఇన్నేళ్ళు సామాన్ల గది నడిపినదానివి, నువ్వే చెప్పాలి.

ఫోన్ చేయొచ్చుగా అనకు. మన ఒప్పందం నేను మర్చిపోలేదు. ఫోనెత్తితే మూడో మాటకి నువ్వు "నోర్ముయ్" అంటావు, నాలుగో మాటకి నేను పెట్టేస్తాను, ఆ తర్వాత రెండు నెలలు మౌనవ్రతం. ఉత్తరాల్లో అయితే తిట్టు చేరేసరికి తిట్టినవాళ్ళ కోపం చల్లారిపోతుంది. ఈ ఉపాయం చెప్పినందుకు బావకి దణ్ణం పెట్టాలి.

కానీ ఇది తొందర పని, అక్కా. కోర్టు నాకిచ్చింది ఆదివారాలు మాత్రమే, తొమ్మిదినుంచి ఆరుదాకా. ఆ ఊళ్ళో మాకు ఇల్లు లేదు కదా, ఆ కారే మా ఇల్లు. పిచ్చుక వెనక సీట్లో బొమ్మలు గీస్తుంది, ముందు సీట్లో తింటుంది, మధ్యాహ్నం నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంటుంది. బస్సులో వెళ్తే చేరేసరికే మధ్యాహ్నం, ఆ తర్వాత కూర్చోడానికి చోటుండదు.

వెంటనే రాయి.

నీ తమ్ముడు


ఆగస్టు 7, గురువారం

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం బావకి చదివి వినిపించాను. "గేర్‌బాక్స్ దించమన్నాడా? ముందు వాణ్ణి దించండి" అన్నాడు. ఎర్ర ఆయిల్ కారగానే గేర్‌బాక్స్ దించేవాడు ముక్కు కారిందని తల తీసేస్తాడు. మీ స్పానర్‌ని కాస్త ఆగమను.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి, నీ తెలివి కలపకు. ఎర్రగా ఉంటే గేర్‌బాక్స్ ఆయిలే. నల్లగా ఉంటే ఇంజను ఆయిల్, ఉత్త నీళ్ళయితే ఏసీది. అది ఎక్కణ్ణుంచి కారుతోందన్నదే ప్రశ్న. ఒక పెద్ద అట్టపెట్టె విప్పి, రాత్రి కారు కింద ముందువైపు పరుచు. పొద్దున్న మరక ఏ పక్క పడిందో దాని మీదే రాసి, ఆ ముక్క కత్తిరించి నాకు పంపు. వాసన చూస్తే లోపల మాడిందో లేదో చెప్పగలను.

ఆయిల్ ఎంత ఉందో కూడా చూడు. చదునైన చోట, ఇంజను వేడెక్కాక, అది నడుస్తుండగానే కడ్డీ తీసి చూడాలి. తగ్గితే కొద్దికొద్దిగా పొయ్యి. ఆత్రగాడికి బుద్ధి మట్టు అన్నారు, ఒకేసారి సీసా బోర్లించకు.

సంగతి తేలేదాకా కొండెక్కొద్దు. ఒక ఆదివారం వెళ్ళకపోతే మీ మహారాణి కోట కూలిపోదులే. ఆవిడ వాచీ చూసుకుంటూ గేటు దగ్గర నిలబడటం నువ్వు చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. బంగారం లాంటి సంసారం విడగొట్టుకుని ఇప్పుడు గంటల లెక్కా?

పిచ్చుకకి గౌను కుట్టాను. బావ తన కళ్ళజోడు మీద తనే కూర్చుని విరగ్గొట్టాడు. మీ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే నీ చేతులకి ఆ పని కూడా అప్పగిస్తాను, తర్వాత.

మాట వినని తమ్ముడికి మాటలు తప్ప ఏమీ ఇవ్వలేని
అక్క


ఆగస్టు 11, సోమవారం

అక్కకి,

అట్టముక్క పెడుతున్నాను. కవరుకి కూడా కాస్త జిడ్డు అంటింది, పోస్టాఫీసు కౌంటర్లో ఆమె దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుంది. మరక ఎడం పక్క పడింది. బాణం గుర్తు వేసి, "ఎడమ" అని పెద్దక్షరాలతో రాశాను.

వెళ్ళొద్దన్నావు, వెళ్ళాను. తిట్టుకో. ఆయిల్ తగ్గితే నింపాను, అయినా కొండ మీద నాలుగుసార్లు ఆగాల్సి వచ్చింది. తొమ్మిదికి చేరాల్సినవాణ్ణి పదిన్నరకి చేరాను. ఆవిడ గేటు దగ్గరే ఉంది. "కారు బాగాలేదు" అన్నాను. "పెళ్ళయిన కొత్తలో కూడా మీ కారు ఎప్పుడూ బాగుండేది కాదు" అంది. అప్పట్లో ఆలస్యానికల్లా అదే సాకు చెప్పేవాణ్ణి, ఇప్పుడు నిజం చెబుతున్నా నమ్మే దిక్కు లేదు. "ఇది ఇలాగే సాగితే నెలకోసారి చాలని లాయరు చేత రాయిస్తాను. పిల్ల పొద్దున్నుంచీ బూట్లు వేసుకుని కూర్చుంటోంది" అంది.

ఆ మాట చెవుల్లోంచి పోవడం లేదు. నెలకోసారి చూసే మనిషిని నాన్న అంటారా, చుట్టం అంటారా?

రాత్రిళ్ళు లేచి టార్చి వేసుకుని కారు కిందకి చూస్తున్నాను. పై వాటా ముసలాయన నన్ను దొంగనుకున్నాడు.

తొందరగా చెప్పు. వాసన ఎలా ఉంది?

నీ తమ్ముడు


ఆగస్టు 14, గురువారం

ఒరేయ్,

బతికాం. మాడిన వాసన లేదు. రంగు ఇంకా ఎర్రగానే ఉంది, నలకలు లేవు. లోపల గేర్‌బాక్స్ నిక్షేపంగా ఉంది. ఆయిల్ తగ్గి జారుతోంది, అంతే.

ఎడం పక్క అన్నావు కాబట్టి సందేహం అక్కర్లేదు. ఎడం చక్రానికి వెళ్ళే యాక్సిల్, గేర్‌బాక్స్‌లోంచి బయటికొచ్చే చోట రబ్బరు సీలు ఉంటుంది. అది ఎండిపోయి పగిలింది. నీ బండి వయసుకి అది మామూలే. బావని అడగనక్కర్లేకుండా నేనే చెప్పేస్తున్నాను, ఇలాంటివి ఎన్ని చూడలేదు! సీలు ఇదే కవర్లో పెట్టాను, గుడ్డలో చుట్టి. స్పానర్‌కి చెప్పు: చక్రం విప్పి, యాక్సిల్ లాగి, పాత సీలు పీకి, కొత్తది తిన్నగా కొట్టాలి. వంకరగా కొట్టాడా, నేనొచ్చి వాడి నెత్తిన కొడతాను.

ఈ సీలు పడేదాకా కొండ మొహం చూడకు. ఈసారి ఆయిల్ అయిపోయి పైన ఆగిందంటే గేర్‌బాక్స్ నిజంగానే పోతుంది. అప్పుడు నెలకోసారి కాదు, ఏడాదికోసారి కూడా వెళ్ళలేవు. మాట ఇవ్వు.

మహారాణి అన్నదానికి నువ్వెందుకు తల దించుకున్నావు? లాయరుకి రాయించుకోమను. మనకి నోళ్ళు లేవా?

అక్క


ఆగస్టు 18, సోమవారం

అక్కకి,

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, అలా అయింది నా పని.

సీలు శనివారం అందింది. స్పానర్ సాయంత్రం చక్రం విప్పాడు. "కిందంతా తడిగా ఉంది సార్, ఎక్కణ్ణుంచో తెలియట్లేదు, ముందు కడిగి చూద్దాం" అన్నాడు. నేను నీ ఉత్తరం తీసి మొహం మీద ఆడించాను. "మా అక్క చెప్పిందంటే చెప్పిందే, వెయ్యి" అన్నాను. చీకటి పడిందన్నాడు, తెల్లారి మొదలుపెట్టాడు. యాక్సిల్ ఒక పట్టాన ఊడలేదు. ఎనిమిది గంటల బస్సుకి పోదామా అనుకున్నాను, "ఇంకో అరగంట సార్" అన్నాడు. ఆ అరగంట మధ్యాహ్నం దాకా సాగింది. అన్నీ బిగించి స్టార్ట్ చేస్తే మళ్ళీ అదే చోట చుక్క. ఎర్రగా. నన్ను వెక్కిరిస్తున్నట్టు.

నేను వెళ్ళలేదు, అక్కా. రెండేళ్ళలో మొదటిసారి. ఫోన్ చేశాను. అత్తగారు ఎత్తి, "గేటు దగ్గరే కూర్చుంది నాయనా, ఎండలోంచి లోపలికి రమ్మన్నా రాలేదు" అన్నారు. పిచ్చుకకి ఇవ్వమన్నాను. పిల్ల మాట్లాడనందట.

నీకు తెలియకపోతే తెలియదని చెప్పాల్సింది. నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. బావని అడగనక్కర్లేదని కూడా గొప్పగా రాశావు. నీ మాట విని నా పిల్లని ఎండలో కూర్చోబెట్టాను.

తమ్ముడు


ఆగస్టు 18, సోమవారం

చిరంజీవి తమ్ముడికి,

ఇవాళ నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను, సంతోషం పట్టలేక. ఈపాటికి సీలు పడి ఉంటుంది, నిన్న రాజాలా కొండెక్కి ఉంటావు. మహారాణి మొహం ఎలా పెట్టింది? సరిగ్గా తొమ్మిదికి హారన్ కొట్టావా?

స్పానర్‌కి నా తరఫున శభాష్ చెప్పు. నేర్చుకునే బుద్ధి ఉంటే బాగుపడతాడు. పాత సీలు పారేయకుండా ఉంచు, పగులు ఎంత ఉందో నేను చూడాలి.

గౌను పోయిన గురువారమే నీకు పార్శిల్లో పంపాను. పిచ్చుకకి నచ్చిందా? పొడుగైందా? ఈ వయసు పిల్లలు కొలత తీసి కుట్టేలోగా పెరిగిపోతారు. ఏమందో ప్రతి మాటా రాయి. నువ్వు ఎప్పుడూ "బాగుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తావు.

ఉబ్బితబ్బిబ్బవుతున్న
అక్క


ఆగస్టు 21, గురువారం

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చింది. నాది కూడా ఈపాటికి నీకు చేరి ఉంటుంది. రాజాలా వెళ్ళి ఉంటావని రాశాను. దాన్ని చించెయ్యి.

నిన్నటినుంచి అన్నం సయించలేదు. ఆ అట్టముక్క ముందు పెట్టుకుని కూర్చున్నాను. బావ వచ్చి, అతికించిన కళ్ళజోడులోంచి చూసి, "వీడు ఎక్కడ నిలబడి ఎడమ అని రాశాడు?" అని అడిగాడు. షెడ్డులో మేం ఎడమన్నా కుడన్నా డ్రైవరు సీట్లో కూర్చున్నట్టే లెక్క. నువ్వు కారు ముందు, దానికి ఎదురుగా నిలబడి రాశావు కదూ? అలా అయితే నీ ఎడమ కారుకి కుడి. అది అడగాలని నాకు తట్టలేదు, చెప్పాలని నీకు తెలియదు. తప్పు నాదే.

కుడి పక్క సీలు కాదు. గేర్‌బాక్స్‌లోంచి రేడియేటర్‌కి ఆయిల్ చల్లబడటానికి వెళ్ళే పైపులు ఉంటాయి, వాటికి చివర రబ్బరు ముక్కలు. అవి పగిలి ఉంటాయి. ఈసారి నా మాట కూడా నమ్మకు. స్పానర్ చెప్పినట్టు కిందంతా కడిగించి, ఆరాక మొహానికి రాసుకునే పౌడర్ చల్లండి. ఇంజను కాసేపు నడిపితే, కారేచోట పౌడర్ ఎర్రబడుతుంది. కళ్ళతో చూశాకే చెయ్యి పెట్టండి.

పిల్ల ఎండలో కూర్చున్న సంగతి బావకి చెప్పలేదు. చెప్పలేకపోయాను.

అక్క


ఆగస్టు 25, సోమవారం

అక్కకి,

అవును, కారుకి ఎదురుగా నిలబడే రాశాను. ఇంకెలా నిలబడతారో నాకు తెలియదు.

పౌడర్ చల్లాం. కుడి పక్క కింది పైపు. రబ్బరు నిలువునా పగిలింది. స్పానర్ ఊరంతా తిరిగాడు. నీళ్ళ పైపులే దొరికాయి, అవి ఈ ఆయిల్‌కి రెండు రోజుల్లో ఉబ్బిపోతాయట. కాబట్టి బండి అక్కడే ఉంది.

నిన్న బస్సులో వెళ్ళాను. చేరేసరికి పన్నెండు దాటింది. పిచ్చుక లేదు. "వస్తారో రారోనని స్నేహితురాలింటికి పంపేశాను, మళ్ళీ గేటు దగ్గర కూర్చోబెట్టలేను" అంది ఆవిడ. మెట్టు మీద కూర్చున్నాను. నాలుగింటికి వచ్చింది. నన్ను చూసి పరిగెత్తుకు రాలేదు. నడిచి వచ్చింది. ఎక్కడికి తీసుకెళ్ళనూ? వీధి చివరిదాకా నడిచి, మళ్ళీ వెనక్కి నడిచాం. "కారు లేకపోతే మనకి ఇల్లు లేదా నాన్నా?" అని అడిగింది. "నాకు ఇల్లుంది" అన్నాను. "నేను చూడలేదుగా" అంది. ఐదింటి బస్సుకి వచ్చేశాను, అదే ఆఖరిది.

లాయరు కాగితం వచ్చే వారం వస్తుందట.

ఇక కారు గురించి ఏమీ రాయకు. ఏమీ రాయకు.


ఆగస్టు 28, గురువారం

తమ్ముడూ,

రాయొద్దన్నావు. పని చేసేసి రాస్తున్నాను, కాబట్టి అది రాసినట్టు కాదు.

ఒకటి. ఆయిల్‌కి తట్టుకునే పైపు, క్లిప్పులు మన షెడ్డులో ఉన్నాయి. బస్సు పార్శిల్లో స్పానర్ పేరుకే పంపాను, బిగించే పద్ధతి బావ ఫోన్లో చెప్పాడు. మన ఒప్పందం మనిద్దరికే కదా, బావకీ స్పానర్‌కీ లేదు.

రెండోది వినడానికి కూర్చో. నిన్న మరదలి దగ్గరికి వెళ్ళొచ్చాను.

బస్సెక్కేదాకా నాకూ తెలియదు వెళ్తానని. తలుపు తీసి నన్ను చూసి తెల్లబోయింది. రెండేళ్ళుగా ఆమె గురించి నేను అనని మాట లేదు, వాటిలో సగం దాని చెవిన కూడా పడే ఉంటాయి. అయినా "రండి వదినా" అంది. ఆ వదినా అన్న మాటకి నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"వాడు రాకపోవడానికి కారణం నేను. వద్దని కట్టేసింది నేను. తప్పుడు సీలు వేయించింది నేను. తిడితే నన్ను తిట్టు" అన్నాను. "నాకు ఆయన మీద కోపం కాదు వదినా. ఆదివారం అయ్యేసరికి వస్తారా రారా అని ఎదురుచూసే పిల్ల మొహం చూడలేకపోతున్నాను. నెలకోసారైతే నెలకోసారే ఏడుస్తుంది కదా" అంది. ఇన్నాళ్ళూ మనం దాన్ని గంటలు లెక్కపెట్టే మనిషి అనుకున్నాం. అది లెక్కపెట్టేది వేరు.

నేను చెప్పాను: పిల్లకి నాన్నంటే కారొక్కటే అయితే, కారు ఆగినప్పుడల్లా నాన్న పోతాడు. ఒకసారి వాడి ఇల్లు చూపించు. నువ్వూ చూడు, ఎలా ఉందో. చూశాక నీ ఇష్టం, కాగితం రాయించుకో. ఒప్పుకుంది. ఈ ఆదివారం ఆరింటి బస్సుకి ఇద్దరూ బయల్దేరి, పదింటికల్లా నీ ఇంటికి వస్తారు. నీకు చెప్పే బాధ్యత నాదన్నాను.

కాబట్టి ఆదివారం ఎక్కడికీ కదలకు. బండి బాగైనా సరే కదలకు. ఇల్లు ఊడ్చు, ఆరేసిన బట్టలు తియ్యి, మంచం మీది పుస్తకాలు దించు.

ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. నువ్వు మొన్న ఆఖర్లో సంతకం కూడా పెట్టలేదు. ఆ తర్వాత నీ గొంతు వినే ధైర్యం నాకు లేదు. గురువారం వేసిన ఉత్తరం శనివారానికి అందుతుంది, ఎప్పుడూ అందేదే.

నీ అక్క, నువ్వింకా అలా అనుకుంటే


సెప్టెంబరు 1, సోమవారం

అక్కా,

నీ ఉత్తరం శనివారం అందలేదు. ఇందాక పోస్ట్‌మన్ ఇచ్చి వెళ్ళాడు. ఎందుకు ఆలస్యమైందంటే భుజాలెగరేశాడు. ఇప్పుడు జరిగింది విను.

పైపు శుక్రవారం వచ్చింది. శనివారం బిగించాడు. మళ్ళీ పౌడర్ చల్లి చూశాం, తెల్లగానే ఉంది. నిన్న ఐదున్నరకే బయల్దేరాను. బండి కొండ మీద ఎక్కడా జారలేదు. మెలికల దగ్గర ఎదురుగా బస్సొస్తే, పక్కకి తీసి దారి కూడా ఇచ్చాను. అందులో నా కూతురుందని నాకేం తెలుసు?

ఎనిమిదికల్లా గేటు ముందున్నాను. తాళం. అత్తగారు కూడా లేరు. ఆవిడకి ఫోన్ చేస్తే లోపల్నుంచే మోగింది, ఇంట్లోనే మర్చిపోయింది. లాయరు కాగితం పంపేసి నాకు పిల్లని చూపించకుండా ఎక్కడికో తీసుకెళ్ళిపోయిందనుకున్నాను. అక్కా, ఆ గంటసేపు నేను ఏమేం అనుకున్నానో రాయను. గేటు పట్టుకుని ఊపాను. చివరికి ఎదురింటావిడ మార్కెట్టునుంచి వచ్చి, "మీ ఇంటికేగా వెళ్ళారు? మీకు తెలీదా?" అంది.

వెనక్కి ఎలా వచ్చానో గుర్తులేదు. ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. పిచ్చుక నా గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని ఉంది, నువ్వు కుట్టిన గౌనులో, బూట్లతో. పక్కన ఆవిడ. గంటనుంచి అక్కడే ఉన్నారు. తాళం చూసి ఆవిడ వెంటనే తిరుగు బస్సెక్కేదే. స్పానర్ చూసి కుర్చీలు తెచ్చి వేశాడట, నాకు ఫోన్ చేస్తే కొండ దారిలో కలవలేదట. "సార్ మీ కోసమే తెల్లవారకముందే కొండెక్కాడమ్మా" అని, పగిలిన పాత పైపు, ఆ సీలు, అట్టపెట్టె అన్నీ తెచ్చి వాళ్ళ ముందు పరిచి, నెల రోజుల కథ మొత్తం చెప్పాడట.

ఆవిడ చేతిలో ఆ పైపు ఉంది. వంచి, పగులులోంచి చూస్తోంది. "నిజంగానే కారు బాగాలేదా?" అంది. అవునన్నాను. నేను క్షమాపణ అడగబోతుంటే, "గంటసేపు ఈ తాళం చూస్తూ కూర్చున్నాక నాకు కూడా మిమ్మల్ని ఏమీ అనబుద్ధి కావట్లేదు, ముందు తలుపు తియ్యండి" అంది.

ఇల్లు ఊడ్చలేదు. బట్టలు దండెం మీదే ఉన్నాయి. మంచం మీది పుస్తకాలు పిచ్చుకే దించింది. మూడు గదులూ తిరిగి, బీరువా తెరిచి చూసి, కిటికీ దగ్గరి మంచం చూపించి, "ఇది నాది" అంది. ఎవర్నీ అడగలేదు. ఆవిడ అన్నీ చూసింది, వంటింట్లో గిన్నెలు కూడా. మూడింటి బస్సుకి లేచింది. పిచ్చుక కూడా లేచి బూట్లు వెతుక్కుంటోంది. ఆవిడ గుమ్మంలో నిలబడి, నా వైపు చూడకుండా, "రేపు దానికి బడి లేదు. రేపు సాయంత్రం తీసుకొచ్చి దింపండి" అంది.

లాయరు కాగితం మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు. బస్సు దాకా దింపుతానంటే వద్దని నడిచి వెళ్ళింది.

ఇప్పుడు తొమ్మిదవుతోంది. పిచ్చుక ఇంకా లేవలేదు. కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని అటు తిరిగి పడుకుంది. తలుపు దగ్గరికి మూడుసార్లు వెళ్ళి చూసి వచ్చాను. లేచాక తింటుంది, ఆడుకుంటుంది, ఆ తర్వాత ఎప్పుడో సాయంత్రానికి కొండ ఎక్కాలి.

తొందరేమీ లేదు.

నీ తమ్ముడు